ముందే మాట అనుకుని బయల్దేరండి

విడవలూరు వైపు ఏ ఇంట్లో పెళ్లి కుదిరినా, లగ్నం పెట్టుకున్న వారంలోపే ఒక మాట బయటికొస్తుంది: "బట్టలకి మద్రాసు ఎప్పుడు పోదాం?" నెల్లూరులో పట్టుచీరల కొట్లు లేక కాదు. టీనగర్ పోయి, నాలుగు కొట్లు ఎక్కి దిగి, బేరమాడి తెస్తేనే ఆడపెళ్లివారికి తృప్తి. పెళ్లికూతురు, తల్లి, మేనత్త, పిన్నమ్మ, జరీ చూసి ధర చెప్పగల పక్కింటి అక్క, డబ్బు సంచితో పెదనాయన, మూటలు మోయడానికి ఇద్దరు కుర్రాళ్లు, వదిలిపెట్టి పోతే ఇల్లు ఎగరగొట్టే పిల్లలు. చూస్తుండగానే లెక్క పది దాటుతుంది.

పది మంది కలిసి బయల్దేరడం సులువే. పది మందీ కలిసి తిరిగి రావడమే కష్టం. కోవూరు మీదుగా బస్సులో పెన్న వంతెన దాటేదాకా అందరూ ఒకే కుటుంబం. చెన్నై సెంట్రల్లో దిగిన ఐదో నిమిషానికి ఎవరికి వారే యమునా తీరే. ఒకరు కాఫీకి, ఒకరు నీళ్ల సీసాకి, ఒకరు ఫోను పట్టుకుని పక్కకి. అక్కడినుంచి సగం పూట చీరలు చూడటానికి, మిగతా సగం మనుషుల్ని వెతకడానికి పోతుంది.

రద్దీలో మనుషులు తప్పిపోయేది కళ్లు చాలక అనుకుంటాం. అసలు కారణం ఇంటిదగ్గరే ఉంటుంది. ఎవరి వెనక ఎవరు నడవాలి, ఎక్కడ ఆగాలి, విడిపోతే ఏం చేయాలి అన్నది ముందే మాట అనుకోం. అనుకున్నా దానిమీద నిలబడం. ఈ రెండూ అలవాటైన గుంపుకి ఎంత పెద్ద నగరమైనా భయం లేదు.

రాత్రి భోజనాల దగ్గర మూడు ప్రశ్నలు

ప్రయాణానికి ముందు రోజు రాత్రి అందరూ ఒకచోట కూర్చున్నప్పుడు పది నిమిషాలు చాలు. తేల్చుకోవాల్సినవి మూడే.

మొదటిది: ముందు ఎవరు నడవాలి? దారి తెలిసినవాళ్లు. మన ఇళ్లల్లో చిక్కంతా ఇక్కడే. వయసులో పెద్దాయనే ముందు నడవాలని అందరికీ అలవాటు. ఆయన మద్రాసు చూసి పదిహేనేళ్లయి ఉంటుంది. అప్పటికి అక్కడ మెట్రో రైలే లేదు. చెన్నైలోనే చదువుకుంటున్న మేనకోడలికి ప్రతి మలుపూ తెలుసు, కానీ పెద్దల ముందు నోరు మెదపదు. అందుకే పెద్దరికం ఆయనది, దారి ఆ పిల్లది అని ముందే తేల్చేయండి. "రేపు నువ్వు చెప్పినట్టే నడుస్తాం అమ్మీ" అని పెదనాయన నోట ఒక్క మాట వస్తే మిగతావాళ్లు మారు మాట్లాడరు. బాధ్యత అప్పగించడం పెద్దవాళ్లు నేర్చుకోవాలి. 'నాకెందుకులే' అనకుండా దాన్ని అందుకోవడం చిన్నవాళ్లు నేర్చుకోవాలి.

రెండోది: వెనక ఎవరు? గుంపులో అన్నిటికంటే పెద్ద పని ఇదే. ముందు నడిచేవాళ్లకి దారి కనపడుతుంది, వెనక నడిచేవాళ్లకి మనుషులు కనపడతారు. అత్త చెప్పు తెగినా, పిల్లాడు బొమ్మల బండి దగ్గర ఆగిపోయినా మొదట తెలిసేది ఆ చివరి మనిషికే. కాబట్టి చురుకైనవాళ్లకి, ఫోన్లో తలదూర్చని వాళ్లకి ఈ పని ఇవ్వండి. వెనక మనిషి "ఆగండి" అంటే, ఎందుకని అడక్కుండా ముందు మనిషి ఆగాలి. గుంపు నడక ఎప్పుడూ నెమ్మదిగా నడిచేవాళ్ల నడకే.

మూడోది: విడిపోతే? దీనికి జవాబు ఇంటిల్లిపాదికీ కంఠస్థం కావాలి. తప్పిపోయినవాళ్లు కదలకూడదు. వెతకడానికి ఒక్కరే వెళ్లాలి. మిగతావాళ్లు ఉన్నచోటే ఉండాలి. ఒకరినొకరు వెతుక్కుంటూ ఇద్దరూ తిరిగితే, ఒకే స్తంభానికి చెరోపక్క నుంచి దాటిపోతారు. నలుగురు నాలుగు దిక్కులకి పరిగెత్తితే ఒకరు తప్పిపోయిన చోట ఐదుగురు తప్పిపోయినట్టవుతుంది.

ఈ మూడూ అయ్యాక అందర్నీ జతలుగా విడగొట్టండి. పిన్నమ్మకి పెళ్లికూతురు, అత్తకి పక్కింటి అక్క. ఎవరి జత వాళ్ల బాధ్యత. రద్దీలో పది తలలు లెక్కపెట్టడం కష్టం, "మీ జత ఉందా?" అని అడగడం తేలిక. ఒకరు తక్కువైతే ఎవరు తక్కువో కూడా ఆ క్షణంలోనే తెలిసిపోతుంది.

టికెట్టు ఒకరి జేబులోనే ఉంటే

రైల్వే రిజర్వేషన్లో ఒక టికెట్టు మీద ఆరుగురికి మించి రాయరు. పది మంది గుంపు అంటే రెండు టికెట్లు, సీట్లు రెండు పెట్టెల్లో పడినా ఆశ్చర్యం లేదు. కాబట్టి టికెట్టు ఫొటో అందరి ఫోన్లలో ఉండాలి. ఒక్కో టికెట్టు మీద కనీసం ఒకరి దగ్గరైనా అసలు గుర్తింపు కార్డు ఉండాలి. రెండు టికెట్లవాళ్ల ఆధార్ కార్డులూ ఒకే పర్సులో పెట్టుకుని, ఆ పర్సుతో ఒకరు వేరే పెట్టెలో కూర్చుంటే టీసీ వచ్చినప్పుడు చూడాలి తమాషా.

డబ్బు కూడా అంతే. చీరల డబ్బు పెదనాయన దగ్గరే ఉండనివ్వండి. కానీ ప్రతి ఒక్కరి దగ్గరా ఆటోకి, అన్నానికి, ఊరికి తిరిగి రావడానికి సరిపడా కొంత విడిగా ఉండాలి. చేతిలో నాలుగొందలు ఉన్న మనిషి తప్పిపోయినా కంగారు పడదు. కంగారు పడని మనిషి త్వరగా దొరుకుతుంది.

నెల్లూరు స్టేషన్లో ఆ రెండు నిమిషాలు

విజయవాడ నుంచి వచ్చే పినాకిని ఎక్స్‌ప్రెస్ లాంటి రైళ్లకి నెల్లూరు నడిమధ్య స్టేషన్. రైలు ఆగేది రెండు మూడు నిమిషాలే. పది మంది, పిల్లలు, సంచులు, దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు, అంతా ఒకే తలుపు దగ్గర. ఆ రెండు నిమిషాల్లో గుంపు స్వభావం బయటపడుతుంది.

మన పెట్టె ఎక్కడ ఆగుతుందో ప్లాట్‌ఫారం మీది బోర్డు చూసి ముందే అక్కడికి చేరండి. టీ కొట్టు దగ్గర నిలబడి, రైలు కూత వినపడ్డాక పరిగెత్తితే ఒక జత ముందు పెట్టెలో, ఒక జత వెనక పెట్టెలో. ఎక్కే వరుస కూడా ముందే ఉండాలి. మొదట ఒక కుర్రాడు చేతులు ఖాళీగా ఎక్కాలి. తర్వాత పిల్లలు, పెద్దవాళ్లు. ఆ తర్వాత కిందినుంచి రెండో కుర్రాడు సంచులు అందిస్తాడు, పైవాడు లోపలికి లాగుతాడు. వెనక మనిషి అందరికంటే చివర ఎక్కుతాడు. సంచులు ముందు తోసి మనుషుల్ని తర్వాత ఎక్కించే అలవాటు మనకి బాగా ఉంది. తలుపు దగ్గర సంచులు అడ్డం పడితే మనుషులకి దారి ఉండదు.

రైలు కదిలాక ఎవరైనా కిందే ఉండిపోతే? గొలుసు లాగాలనీ, దూకాలనీ అనిపిస్తుంది. వద్దు. కిందున్నవాళ్లు స్టేషన్ వదిలి కదలకూడదు, తర్వాతి రైలుకి రావచ్చు. పైనున్నవాళ్లు గూడూరులోనో, చెన్నైలోనో ఎక్కడ కలుస్తారో ఫోన్లో చెబుతారు. రైలు పోతే ఇంకో రైలు ఉంది. కదిలే రైలు కింద పడ్డ కాలు మళ్లీ రాదు.

సెంట్రల్ అంటే ఏ సెంట్రల్?

1873లో మొదలైన చెన్నై సెంట్రల్‌కి 2019లో ఎంజీ రామచంద్రన్ పేరు పెట్టారు. మన నోట మాత్రం ఇప్పటికీ సెంట్రలే. అక్కడికి చేరాక "సెంట్రల్ దగ్గర కలుద్దాం" అంటే కుదరదు. నెల్లూరు నుంచి పోయే ఎక్స్‌ప్రెస్‌లు పెద్ద ఎర్ర భవనంలో ఆగుతాయి. సూళ్లూరుపేట నుంచి పోయే లోకల్ రైళ్లు ఆ పక్కనే మూర్ మార్కెట్ కాంప్లెక్స్‌లో ఆగుతాయి. నేల కింద సెంట్రల్ మెట్రో స్టేషన్ వేరే ఉంది. టీనగర్ పోవడానికి రోడ్డు దాటి లోకల్ ఎక్కాల్సిన స్టేషన్ పేరు పార్క్. దానికి దగ్గర్లోనే పార్క్ టౌన్ అని ఇంకో స్టేషన్ ఉంది, అక్కడ వచ్చేవి వేరే దారి రైళ్లు. ఒకరు పార్క్‌లో, ఒకరు పార్క్ టౌన్‌లో నిలబడి "నేను స్టేషన్లోనే ఉండా" అని గంటసేపు ఫోన్లో కొట్టుకోవచ్చు.

అందుకని కలిసే చోటు చెప్పేటప్పుడు వేలు పెట్టి చూపించినంత కచ్చితంగా చెప్పాలి. సెంట్రల్లో ఇందుకు ఒక వెసులుబాటు ఉంది. అది రైలు దారి ముగిసే స్టేషన్. పట్టాలు అక్కడితో ఆగిపోతాయి, ప్లాట్‌ఫారాలన్నీ ఎదురుగా ఉన్న పెద్ద హాల్లోకి తెరుచుకుంటాయి. ఎవరు ఏ పెట్టెలో దిగినా ముందుకి నడిస్తే చాలు. "మనం దిగిన ప్లాట్‌ఫారం నంబరు బోర్డు కింద, పట్టాలు ఆగిపోయే చోట" అని రైల్లోనే అనుకోండి. అందరూ అక్కడ చేరి, జతలు చూసుకుని, అప్పుడు కాఫీ.

కాఫీ తర్వాత బయటికొస్తే ముందున్నది పూనమల్లి హైరోడ్డు. పైన దాటే సాహసం వద్దు, సబ్‌వేలో పోండి. సబ్‌వేలో ఇద్దరిద్దరుగా, ఎడమ పక్కన. వరసకి ఐదుగురు చేతులు పట్టుకుని నడిస్తే ఎదురుగా వచ్చేవాళ్లు ఆ చేతుల్ని విడగొట్టుకునే పోతారు, తప్పు వాళ్లది కాదు.

ఎస్కలేటర్ కనపడగానే ఒక్క క్షణం ఆగండి. చీర కుచ్చిళ్లు పట్టుకుని మొదటి మెట్టు మీద కాలు పెట్టాలా వద్దా అని మేనత్త ఆలోచించే లోపు సగం మంది పైకి వెళ్లిపోతారు. ఎస్కలేటర్ అలవాటు లేనివాళ్లు ఒక్కరున్నా అందరూ మెట్లో, లిఫ్టో ఎక్కాలి. ఆమె భయాన్ని చూసి నవ్వడం మొదలుపెడితే తర్వాత ఏ ఇబ్బంది వచ్చినా ఆమె నోరు విప్పి చెప్పదు. గుంపుకి అదే ప్రమాదం.

లోకల్ రైలు తలుపు దగ్గర

పార్క్ నుంచి తాంబరం వైపు పోయే లోకల్ ఎక్కితే ఎగ్మోర్, చెట్‌పట్, నుంగంబాక్కం, కోడంబాక్కం, ఆ తర్వాత మాంబళం. టీనగర్‌కి దిగాల్సింది మాంబళంలో. పండగ రోజుల్లో తలుపు దాకా చేరడమే గగనం. కోడంబాక్కం దాటగానే లేచి తలుపు వైపు జరగండి.

రైలు ఆగేది అరనిమిషమే కాబట్టి ఇక్కడ రెండు నియమాలు. దిగలేకపోయినవాళ్లు తర్వాతి స్టేషన్ సైదాపేటలో దిగి, ప్లాట్‌ఫారం మీదే కదలకుండా నిలబడాలి. అందరూ దిగి ఒకరు రైల్లోనే ఉండిపోయారా, వెనక మనిషి తర్వాతి రైల్లో సైదాపేట పోయి తీసుకొస్తాడు. అటు పార్క్‌లో ఎక్కలేకపోయినవాళ్లు అక్కడే ఉండాలి, వాళ్ల కోసం ఒకరు వెనక్కి వస్తారు. పసిపిల్లలకి కూడా అర్థమయ్యే మాట ఇది. రైల్లో ఉండిపోతే తర్వాతి స్టేషన్, కింద ఉండిపోతే నిలబడ్డ చోటే.

ఇంకొకటి. ఆడవాళ్ల పెట్టెలో ఆడవాళ్లు, మామూలు పెట్టెలో మగవాళ్లు ఎక్కితే సుఖమే. కానీ దిగాక ఎక్కడ కలవాలో ఎక్కకముందే చెప్పుకోవాలి. పన్నెండేళ్ల మగపిల్లాడు ఎటు పోవాలో కూడా తేల్చుకోవాలి. తలుపు ముందు నిలబడి తేల్చుకునే సంగతి కాదది.

రంగనాథన్ వీధిలో నడక

మాంబళం స్టేషన్ గేటు దాటగానే రంగనాథన్ వీధి. చిన్న వీధి, రెండు పక్కలా ఆకాశానికి ఎగబాకిన కొట్లు, నడుమ జనం. జనాన్ని తప్పించుకోవాలంటే 2023లో కట్టిన ఆకాశవంతెన ఉంది, స్టేషన్ నుంచి టీనగర్ బస్టాండు దాకా పైనుంచే నడిచిపోవచ్చు. ముసలివాళ్లతో పోతే దాన్నే వాడండి.

వీధిలో దిగితే మాత్రం రెండు గుర్తుపెట్టుకోండి. ఏదైనా చూడాలనిపిస్తే ఉన్నపళాన ఆగకండి. ముందున్నవాళ్లకి వినపడేలా ఒక్క కేక వేసి, పక్కకి జరిగి, కొట్టు మెట్టెక్కి ఆగండి. నడివీధిలో ఆగిన మనిషిని వెనక జనం నెట్టుకుంటూ పోతారు, గుంపు రెండు ముక్కలవుతుంది. రెండోది, నగలు, ఫోను, పర్సు ఎన్నిసార్లు తడుముకుంటే జేబుదొంగకి అన్నిసార్లు చోటు చూపించినట్టు. సంచి ముందుకి తిప్పుకుని, దానిమీద చెయ్యి వేసి, నిమ్మళంగా నడవండి.

కొట్లోకి వెళ్లాక గుంపు విడిపోవడం సహజం. విడిపోండి, కానీ గడువు పెట్టుకుని. "పన్నెండున్నరకి కింద బిల్లు కౌంటరు దగ్గర" అనుకుంటే పన్నెండున్నరకి అక్కడుండాలి. చీర ఇంకా తేలలేదనో, మ్యాచింగ్ దొరకలేదనో ఆలస్యం చేస్తే మిగతా తొమ్మిది మంది కాళ్లు నొప్పులు పుడతాయి. సమయానికి రావడం గుంపులో మర్యాద. ఆలస్యమవుతుందనుకుంటే జతని పంపి చెప్పించండి.

బయట కలిసే చోటు కదలనిది కావాలి. "పూలమ్మే ఆమె దగ్గర" అంటే పూలన్నీ అమ్ముడయ్యాక ఆమె ఉండదు. పనగల్ పార్కు బాగానే ఉంటుంది, కాకపోతే ఏ గేటో కూడా చెప్పాలి. 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధానమంత్రిగా చేసిన పానుగంటి రామారాయణింగారి సంస్థానం పేరే ఆ పార్కుకి పెట్టారు. టీనగర్‌లో 'టీ' కూడా పిట్టి త్యాగరాయ చెట్టి పేరులోదే. ఇద్దరూ తెలుగువాళ్లే. ఆ పేటలో తెలుగు మాట్లాడటానికి మొహమాటపడాల్సిన పని లేదు.

ఫోను ఉందిగా అనుకోకండి

ఫోన్లు వచ్చాక మాట అనుకోవడం మానేశాం. రద్దీలో ఫోను ఎలా పనిచేస్తుందో ఈ సంభాషణ వినండి:

"అత్తా, యాడుండావు?"

"ఈడనే, చీరల కొట్టు ముందర."

"ఏ కొట్టు?"

"పెద్ద కొట్టే నాయనా, జనం బో ఉండారు."

రంగనాథన్ వీధిలో అన్నీ పెద్ద కొట్లే, అన్నిటి ముందరా జనమే. ఇలాంటప్పుడు "చుట్టూ చూడు" అనకండి. "నీ ఎదురుగా ఉన్న బోర్డు చదువు" అనండి. చదవలేకపోతే ఫోను పక్క కొట్టువాళ్లకి ఇవ్వమనండి, వాళ్లు ఒక్క ముక్కలో చెప్పేస్తారు. జనం ఎక్కువైనచోట సిగ్నల్ కూడా మొరాయిస్తుంది. కాల్ కలవకపోతే పదేపదే చేసి బ్యాటరీ కాల్చుకోకుండా, ఎక్కడున్నారో రాసి మెసేజ్ పెట్టండి. సందు దొరికినప్పుడు అదే పోతుంది.

ఫోను లేకుండా గుంపు నడవదా? ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి దాదాపు వంద మందితో కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. బోయీలు, బంట్రోతులు, ఇంటివాళ్లు, అడవులు, ఏర్లు, పరాయి భాషలు. అంతమందిని నడిపించింది రోజూ ముందే తేల్చుకున్న మజిలీలు, ఎవరి పని వాళ్లకి అప్పజెప్పడం. ఆయన 'కాశీయాత్ర చరిత్ర' చదివితే ప్రయాణ నిర్వహణ మీద పాఠం చదివినట్టే ఉంటుంది.

పొద్దున బయల్దేరేటప్పుడు అందరిదీ ఒక ఫొటో తీసుకోండి, ముచ్చటకి కాదు. ఎవరైనా కనపడకపోతే ఏ రంగు చీర, ఏ రంగు చొక్కా అన్నది పోలీసుకి మాటల్లో చెప్పక్కర్లేదు, చూపించొచ్చు. చంటిపిల్లల జేబులో, ముసలమ్మ కొంగుముడిలో ఇద్దరి ఫోను నంబర్లు రాసిన చీటీ పెట్టండి. శబరిమలలో పంపా దగ్గర కేరళ పోలీసులు పిల్లల మణికట్టుకి ఫోను నంబరు రాసిన పట్టీ కడతారు. మనింట్లో పిల్లలకి మనం కట్టలేమా?

నోరు తెరిచి అడగండి

నెల్లూరు రొట్టెల పండగ చూసినవాళ్లకి రద్దీలో బతికే సూత్రం ఒకటి తెలిసే ఉంటుంది. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువు ఒడ్డున ఇసకేస్తే రాలని జనం. 2015లో దీన్ని రాష్ట్ర పండగగా ప్రకటించారు. అంత జనంలో ఉద్యోగం రొట్టె కావాల్సినవాళ్లు, ఉద్యోగం వచ్చి రొట్టె ఇవ్వాల్సినవాళ్లని ఎలా పట్టుకుంటారు? మొహమాటం లేకుండా పైకి చెబుతారు. "చదువు రొట్టె, చదువు రొట్టె" అని అడుగుతారు, "సంతానం రొట్టె ఎవరికి?" అని పిలుస్తారు. ఊరూ పేరూ తెలియని ఇద్దరు నడుములోతు నీళ్లలో కలుసుకుంటారు. ఏం కావాలో నోటితో చెప్పినవాళ్లకి ఎంత జనంలోనైనా పని జరుగుతుంది.

నగరంలో మనం దీనికి తలకిందులుగా చేస్తాం. దారి తెలియకపోయినా తెలిసినట్టు నడుస్తాం, అడిగితే పల్లెటూరివాళ్లు అనుకుంటారని. అనుకోనివ్వండి. నోరుంటే తలగాస్తుంది. అడిగేటప్పుడు "ఇది మాంబళం రైలేనా?" అని అడగకండి, తొందరలో ఉన్నవాళ్లు అవునని తలూపేస్తారు. "ఈ రైలు ఎక్కడికి పోతుంది?" అని అడిగితే ఎదుటివాళ్లు ఆలోచించి చెప్పాల్సి వస్తుంది. ఒకరిని కాక ఇద్దరిని అడగండి. యూనిఫాం వేసుకున్నవాళ్లనో, కొట్టు నడిపేవాళ్లనో అడగండి. రైళ్లలో, స్టేషన్లలో ఇబ్బంది వస్తే 139, ఆపదలో 112, పిల్లల కోసం 1098. ఈ మూడు నంబర్లూ అందరి ఫోన్లలో ఉండాలి.

జనం అలగా మారితే

ఇప్పటిదాకా చెప్పింది తప్పిపోవడం గురించి. రద్దీ ప్రాణం మీదికి తెచ్చే సందర్భాలూ ఉంటాయి, అవి మనకి దూరం కావు. 2022 డిసెంబరు 28న కందుకూరు సభలో తొక్కిసలాట జరిగి 8 మంది చనిపోయారు. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠద్వార దర్శనం టోకెన్ల దగ్గర ఆరుగురు పోయారు. అస్వస్థతకి గురైన ఒకరి కోసం గేటు తెరిస్తే, టోకెన్లకే తెరిచారనుకుని జనం తోసుకొచ్చారని వార్తలొచ్చాయి. ఆ ఏడాదే ఫిబ్రవరి 15న న్యూఢిల్లీ స్టేషన్లో, కుంభమేళాకి పోయే జనంలో 18 మంది చనిపోయారు. ఒక ప్రయాణికుడి తల మీది పెద్ద మూట జారిపడి, ఆ ఒత్తిడి మెట్ల మీదున్నవాళ్ల దాకా పాకిందని రైల్వే మంత్రి పార్లమెంటుకి చెప్పారు. 2017 సెప్టెంబరు 29న ముంబై ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్ వంతెన మెట్ల మీద 23 మంది పోయింది వానకి జనం వంతెన మీదే ఆగిపోయిన వేళ.

వీటిలోంచి నేర్చుకోవాల్సినవి సూటిగా చెప్పుకుందాం. మెట్ల మీద ఆగకూడదు. తల మీద మూట పెట్టుకుని మెట్లు దిగకూడదు. ముందువాళ్లు పరిగెత్తారని మనం పరిగెత్తకూడదు. ప్లాట్‌ఫారం మారిందని ఎవరో అరిస్తే, బోర్డు చూసేదాకా కదలకూడదు. ఒక రైలు పోతే పోనివ్వాలి.

చదరపు మీటరు చోటులో ఐదారుగురు దాటారంటే నడక మన చేతిలో ఉండదు. కొలవడానికి టేపు అక్కర్లేదు. రెండు భుజాలకీ మనుషులు తగులుతూ, చెయ్యి ఎత్తి ముఖం తుడుచుకోవడం కష్టమవుతోందంటే వెనక్కి తిరగాల్సిన సమయం వచ్చేసింది. అక్కడినుంచి బయటపడటానికి పెన్న వరదలో ఈదినవాళ్ల పద్ధతే పద్ధతి. ప్రవాహానికి ఎదురీదరు, అడ్డంగా కోసుకుంటూ ఒడ్డుకి చేరతారు. జనం ఒక తోపుకీ ఇంకో తోపుకీ మధ్య ఆగినప్పుడల్లా ఏటవాలుగా పక్కకి జరగండి. కాకపోతే గోడ వైపు పోకండి, ఖాళీ వైపు పోండి.

తొక్కిసలాటల్లో ఎక్కువమంది పోయేది ఊపిరాడక. నిలబడే ఉన్నా ఛాతీ మీద ఒత్తిడి పెరిగితే ఊపిరితిత్తులు విప్పారవు. అందుకే రెండు చేతులూ మడిచి ఛాతీ ముందు అడ్డం పెట్టుకోండి, అరిచి ఊపిరి వృథా చేసుకోకండి. చెప్పు జారినా, ఫోను పడినా వంగకండి. కింద పడితే ముడుచుకుని పక్కకి తిరిగి, తలని చేతులతో కప్పుకుని, సందు దొరకగానే లేవండి. పక్కన పడ్డవాళ్లకి చెయ్యి అందించండి. ఒకరు పడినచోటే పదిమంది పడతారు కాబట్టి వాళ్లని లేపడం మనల్ని మనం కాపాడుకోవడం కూడా. చంటిబిడ్డని భుజానికెత్తుకోండి. కొంచెం పెద్దపిల్లల చెయ్యి పట్టుకునేటప్పుడు వేళ్లు కాదు, మణికట్టు పట్టుకోండి.

దొరికాక తిట్టకండి

గంటసేపు కనపడకుండా పోయిన అత్త కనపడగానే మన నోట మొదట వచ్చే మాట, "నీకు బుద్ధుందా? యాడికి పోయావు?" భయం కోపంగా మారి బయటికొస్తుంది. కానీ ఆ మాటతో ఆమె నేర్చుకునేది ఒకటే, ఇక మీదట ఎవరితోనూ రాకూడదని. పిల్లలైతే ఇంకో పాఠం నేర్చుకుంటారు, తప్పిపోతే చెప్పకుండా దాక్కోవాలని. ముందు నీళ్లిచ్చి కూర్చోబెట్టండి. "నిలబడ్డ చోటే ఉన్నావు చూడు, మంచి పని చేశావు" అనండి. రైలెక్కాక, అందరూ స్థిమితపడ్డాక, ఎక్కడ తెగిందో మాట్లాడుకోండి. తప్పు ఎవరిది అన్న దగ్గర మొదలైన మాట గొడవతోనే ముగుస్తుంది. మళ్లీ ఏం చేద్దాం అన్న దగ్గర మొదలుపెట్టండి.

ఊరికి తిరిగొచ్చాక

ముందు ఎవరు, వెనక ఎవరు, తప్పితే ఏం చేయాలి. ఇవి టీనగర్‌తో అయిపోయే ప్రశ్నలు కావు. నలుగురు కలిసి రొయ్యల సాగు మొదలుపెట్టినా, అన్నదమ్ములు కలిసి కొట్టు పెట్టినా, ఆఫీసులో ఒక జట్టుగా పని ఎత్తుకున్నా ఇవే. ఉమ్మడి పనులు చెడేది ఎక్కువగా మనుషులు చెడ్డవాళ్లు కావడం వల్ల కాదు. నష్టం వస్తే ఏం చేయాలో లాభాల కల కనేటప్పుడు మాట్లాడుకోకపోవడం వల్ల. వేగంగా పరిగెత్తే తెలివైనవాడు అందరికీ కనపడతాడు. వెనకబడ్డ మనిషి కోసం ఆగమని చెప్పేవాడు కనపడడు. అతను లేని జట్టు ఎంత దూరం పోయినా సగం మందితోనే పోతుంది.

దీన్ని నేర్పడానికి మద్రాసు దాకా పోనక్కర్లేదు. రామతీర్థం సముద్ర స్నానాలకి పోయేటప్పుడు, రొట్టెల పండగకి పోయేటప్పుడు, ఇంట్లో పన్నెండేళ్ల పిల్లనో పిల్లాడినో పిలిచి వెనక మనిషి పని అప్పజెప్పండి. "నువ్వు ఆగమంటే అందరం ఆగుతాం" అని మాటివ్వండి. ఆ పిల్ల ఆగమన్నప్పుడు, పెదనాయనతో సహా అందరూ నిజంగానే ఆగండి.